రెండు రకాల ర్యామ్ కలిపితే కొంప మునుగుతుందా?

ల్యాప్‌టాప్ కొన్న నాలుగైదేళ్లకు చాలామందికి ఒకటే సమస్య వస్తుంది. లోపల 8 జీబీ ర్యామ్ ఉంటుంది, పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది, నాలుగు పనులు ఒకేసారి పెట్టేసరికి మెషీన్ మొరాయిస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లో రిపేరు షాపుకు వెళ్లినా రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. ఒకాయన "ఏ కంపెనీదైనా పర్లేదు సార్, వేసేద్దాం" అంటాడు. ఇంకొకాయన "పాతదానితో కొత్తది కలపకూడదండీ, పాతది తీసేసి రెండూ ఒకే జతవి వేయించుకోండి" అంటాడు. మొదటి మాట వింటే గుండె దడ, రెండో మాట వింటే జేబుకు చిల్లు. నా ఉద్దేశంలో రెండో సలహా అబద్ధం కాదు. వేరే సందర్భంలో పుట్టిన మంచి సలహాను ఇక్కడికి తెచ్చి అతికిస్తున్నారు, అంతే. మామూలు ల్యాప్‌టాప్ వాడేవాళ్లు పాత ర్యామ్ స్టిక్‌ను ఉంచుకుని, దానికి సరిపోయే ఇంకొక స్టిక్ కొనుక్కోవడమే చాలా సందర్భాల్లో సరైన పని. ఆ "సరిపోయే" అన్న మాటలో ఏమేం ఉండాలి, ఏవి లేకపోయినా నష్టం లేదు అన్నదే ఈ అధ్యాయం తేల్చాల్సిన సంగతి.

ముందు అసలు బాధ ఎక్కడుందో చూద్దాం. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఊరుకోదు. ప్రస్తుతానికి అక్కర్లేదనుకున్న సమాచారాన్ని డిస్క్ మీదకు నెట్టి, కావలసినప్పుడు మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కు సుమారు 100 నానోసెకన్లు పడితే, మంచి ఎస్ఎస్‌డీ నుంచి తేవడానికి కొన్ని పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అంటే వందల రెట్ల ఆలస్యం. పాత హార్డ్ డిస్క్ అయితే లెక్క మిల్లీసెకన్లలోకి పోతుంది. ఇప్పుడు ఈ పక్కన జత కుదరని ర్యామ్ వల్ల వచ్చే నష్టాన్ని పెట్టి చూడండి. ర్యామ్‌లో ఒక తరమైన డీడీఆర్4లో 2400 వేగం స్టిక్ స్పందించడానికి తీసుకునే ప్రామాణిక వ్యవధి సుమారు 14.2 నానోసెకన్లు, 3200 వేగం స్టిక్‌ది 13.75. తేడా అర నానోసెకను కూడా లేదు. మైక్రోసెకన్ల రోగానికి నానోసెకన్ల గురించి బెంగపడుతూ మందు వాయిదా వేయడం తెలివైన పని కాదు. యాప్‌ల తయారీకి వాడే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి నడపాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ చెబుతోంది. 8 జీబీతో ప్రాజెక్టు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థికి కావలసింది ఇంకో 8 జీబీ. అది ఇప్పుడున్నదానికి కవల కావాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

రెండు వేర్వేరు స్టిక్‌లు ఒకే బోర్డు మీద ఎలా కాపురం చేస్తాయి? ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. తన సామర్థ్యం ఎంత, ఏయే వేగాల్లో నడవగలదు, ఒక్కో వేగానికి ఎంత విరామం కావాలి అన్న వివరాలన్నీ అందులో రాసి ఉంటాయి. పవర్ బటన్ నొక్కగానే మెషీన్‌ను లేపే బయోస్ అనే ప్రోగ్రామ్ రెండింటి ఎస్‌పీడీలనూ చదివి, ఇద్దరికీ కుదిరే వేగాన్ని, ఇద్దరికీ సరిపడే విరామాలను ఎంచుకుంటుంది. తర్వాత ఆ తీగల మీద సంకేతాలు సరిగ్గా అందుతున్నాయో లేదో పరీక్షించి సర్దుబాటు చేస్తుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఇదంతా జెడెక్ అనే ప్రమాణాల సంస్థ రాసిన నియమాల ప్రకారం జరుగుతుంది. డీడీఆర్4 ప్రమాణం 2012లో, డీడీఆర్5 ప్రమాణం 2020లో వచ్చాయి. వేర్వేరు ఫ్యాక్టరీలు చేసిన స్టిక్‌లు ఒకే బోర్డు మీద పనిచేయాలన్నదే ఈ ప్రమాణాల ఉద్దేశం.

స్టిక్ మీది స్టిక్కర్‌ను ఒకసారి నిదానంగా చదివితే సగం భయం పోతుంది. ఉదాహరణకు "8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200ఏఏ-ఎస్ఏ2" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉందనుకోండి. 8జీబీ సామర్థ్యం. పీసీ4 అంటే డీడీఆర్4. 3200 వేగం. దాని వెనకున్న ఏఏ విరామాల తరగతికి గుర్తు. 2400 స్టిక్ అయితే అక్కడ టీ, 2666 అయితే వీ ఉంటాయి. ఎస్ అంటే ల్యాప్‌టాప్‌కు పట్టే పొట్టి రకం. 1ఆర్ఎక్స్8 అన్నది చిప్‌ల అమరిక. కొన్ని కంపెనీలు 3200 అని కాకుండా పీసీ4-25600 అని రాస్తాయి. ఇది చూసి "ఎనిమిది రెట్లు వేగమైనది" అనుకునేవారు లేకపోలేదు. 3200ను 8 బైట్లతో గుణిస్తే వచ్చే అంకె అది, సరుకు ఒకటే. మీరు సరిపోల్చాల్సినవి ఇందులో రెండే: పీసీ పక్కనున్న తరం అంకె, పొట్టి రకం అవునా కాదా. మిగతావి తేడాగా ఉన్నా బయోస్ సర్దుకుంటుంది. ఒక్క అమరిక దగ్గర మాత్రం చిన్న సూచన: ధర ఒకటే అయినప్పుడు 1ఆర్ఎక్స్16 కంటే 1ఆర్ఎక్స్8 తీసుకోండి, కాస్త చురుగ్గా ఉంటుంది.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. "ఇద్దరికీ కుదిరే వేగం అంటే తక్కువ వేగమే కదా? 3200 స్టిక్ పక్కన 2400 స్టిక్ పెడితే ఆ 3200కు పెట్టిన డబ్బు దండగ కదా?" కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి మెల్లగా నడిస్తే రెండోదీ మెల్లగానే నడవాలి, నిజమే. కానీ రెండో ఎద్దు వచ్చాక లాగే బలం కూడా పెరిగింది కదా, ఆ సంగతి ఈ లెక్కలో జారిపోతోంది. 3200 వేగం స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ సమాచారం కదులుతుంది. దాని పక్కన 2400 స్టిక్ చేరి రెండూ 2400కు దిగాయనుకోండి. ఒక్కోదానికి 19.2 చొప్పున, రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానల్‌లో 38.4 జీబీ. వేగం తగ్గినా దారి వెడల్పు ఒకటిన్నర రెట్లయింది. రెండూ 3200వి అయితే 51.2 వచ్చేది, అది ఇంకా మంచిదే. కానీ చాలామంది చేతిలో ఉన్నది 25.6 మాత్రమే. పోల్చాల్సింది అక్కడి నుంచి.

పైగా ఆ 51.2 మీ ల్యాప్‌టాప్‌కు అసలు అందుతుందా అన్నది వేరే ప్రశ్న. ర్యామ్ వేగానికి ప్రాసెసర్ కూడా హద్దు గీస్తుంది. ఇంటెల్ ఎనిమిదో తరం యూ రకం ప్రాసెసర్లు డీడీఆర్4ను 2400 వరకే నడుపుతాయి, అదే తరం హెచ్ రకం 2666 వరకు. ఏఎమ్‌డీ రైజెన్ 3000 తరం ల్యాప్‌టాప్‌లదీ 2400 హద్దే. ఇలాంటి మెషీన్‌లో ఖరీదైన 3200 జత వేసినా అది 2400 దగ్గరే ఆగుతుంది. అందులో ఉన్న పాత 2400 స్టిక్‌కు షాపులో దొరికే 3200 స్టిక్‌ను జోడిస్తే మీరు పోగొట్టుకునే వేగం సున్నా. ఇప్పుడు మార్కెట్లో 2400వి కొత్తవి వెతికి పట్టుకోవడమే కష్టం, ఆ వెతుకులాట అక్కర్లేదు.

మరి "జతగానే కొనాలి" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? గేమింగ్ డెస్క్‌టాప్‌ల నుంచి. అక్కడ ర్యామ్‌ను జెడెక్ నిర్ణయించిన వేగం దాటి, డీడీఆర్4కు 1.2 వోల్టులు సరిపోయే చోట 1.35 ఇచ్చి, ఎక్స్ఎంపీ అనే ప్రొఫైల్‌తో పరుగెత్తిస్తారు. ఆ అంచున నడిచేటప్పుడు రెండు స్టిక్‌ల మధ్య పిసరంత తేడా కూడా మెషీన్‌ను పడేస్తుంది. అందుకే కంపెనీలు వాటిని కలిపి పరీక్షించి జతగా అమ్ముతాయి, రెండు వేర్వేరు జతలను కలపొద్దని హెచ్చరిస్తాయి. అక్కడ అది అక్షరాలా నిజం. మామూలు ల్యాప్‌టాప్ బయోస్‌లో మాత్రం ఎక్స్ఎంపీ ఆన్ చేసే వీలే సాధారణంగా ఉండదు. ర్యామ్ ప్రామాణిక వోల్టేజీ దగ్గర, ప్రామాణిక వేగంతో, తగినంత వెసులుబాటుతో నడుస్తుంది. కొండ అంచు మీద పాటించాల్సిన జాగ్రత్తను మైదానంలోకి తెచ్చి భయపెట్టడం సమంజసం కాదు.

ఇంకో సాక్ష్యం ల్యాప్‌టాప్ కంపెనీల దగ్గరే దొరుకుతుంది. పలుచని మోడళ్లు ఎన్నింటిలోనో 4 లేదా 8 జీబీ ర్యామ్‌ను బోర్డుకే అతికించి, పక్కన ఒక్క స్లాట్ ఖాళీగా వదిలి అమ్ముతారు. బోర్డు మీది చిప్‌లు ఏ కంపెనీవో కొనేవాడికి తెలియదు, వాటికి కవల స్టిక్ బజారులో దొరకదు. స్లాట్‌లో ఎవరు ఏది పెట్టినా అది కలగలుపే. కలపడం ప్రమాదమైతే ఆ స్లాట్ పెట్టేవారే కాదు. పోనీ, అదే బ్రాండ్ అదే మోడల్ కొంటే కవలలు దొరికినట్టేనా? అదీ గ్యారంటీ లేదు. ప్రపంచంలోని ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తుంది. స్టిక్ మీద పేరు వేసుకునే బ్రాండ్లు చాలావరకు వాళ్ల దగ్గర చిప్‌లు కొని అతికిస్తాయి, అదే మోడల్ నంబరు కింద ఒక్కో విడతకు ఒక్కో చిప్ వాడడమూ ఉంది. ఒకే పేరున్న రెండు స్టిక్‌ల లోపల వేర్వేరు చిప్‌లు, వేర్వేరు పేర్లున్న రెండింటిలో ఒకే చిప్‌లు ఉండొచ్చు. బ్రాండ్ పట్టింపు మనసు తృప్తికే.

వేగం తేడా సరే, సామర్థ్యం తేడా ఉంటే? 4 జీబీ పక్కన 8 జీబీ, 8 పక్కన 16 పెట్టవచ్చా? పెట్టవచ్చు. ఇంటెల్ దీనికి ఫ్లెక్స్ మెమరీ అని పేరు పెట్టింది. 8, 16 కలిపితే 16 స్టిక్‌లోని 8 జీబీ, పక్క స్టిక్‌లోని 8 జీబీ జంటగా డ్యూయల్ ఛానల్‌లో నడుస్తాయి. మిగిలిన 8 జీబీ ఒంటరిగా సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది. మొత్తం 24 జీబీలో 16 వేగమైనవి. బ్రౌజర్, ఆఫీసు పని, కోడింగ్ చేసేవారికి ఈ తేడా తెలియనే తెలియదు. తెలిసేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడేవారికి, వీడియో ఎడిటింగ్ చేసేవారికి. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఇంటెల్ పదకొండో తరంలో ఐరిస్ ఎక్స్ఈ అనే పేరు కనిపించాలంటే డ్యూయల్ ఛానల్ ర్యామ్ ఉండాలన్నది ఆ కంపెనీ పెట్టుకున్న షరతు. ఒకే స్టిక్ ఉంటే అదే చిప్ మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గా కనిపిస్తుంది. అటువంటి ల్యాప్‌టాప్‌లో ఏ రకమైన రెండో స్టిక్ అయినా లాభమే, సమాన సామర్థ్యమున్నదైతే పూర్తి లాభం.

ఇంతసేపూ కలపవచ్చన్నాను, ఇప్పుడు కలపకూడనివి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు. పిన్‌ల సంఖ్య వరుసగా 204, 260, 262, మధ్యలో గాటు ఉండే చోటూ వేరు. కాబట్టి బలవంతం చేయనంతవరకు పొరపాటు జరగదు. అసలు ఉచ్చు డీడీఆర్3లోనే ఉంది. మామూలు డీడీఆర్3కు 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్3ఎల్‌కు 1.35 చాలు. గాటు మాత్రం రెండింటికీ ఒకే చోట ఉంటుంది, ఏదైనా శుభ్రంగా కూర్చుంటుంది. 1.35 వోల్టులే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో, ఇంటెల్ నాలుగో తరం నుంచి ఎక్కువగా అవే, పాత 1.5 వోల్టుల స్టిక్ పెడితే మెషీన్ లేవదు, లేచినా నిలకడగా ఉండదు. స్టిక్కర్ మీద పీసీ3 తర్వాత ఎల్ ఉందో లేదో చూడాలి. "కలిపితే పాడైంది" అని చెప్పుకునే పాత కథల్లో కొన్నింటికి మూలం ఈ ఒక్క అక్షరమేనని నా అనుమానం. ఇంకో మాట, ప్రాసెసర్ తరాన్ని బట్టి ర్యామ్ తరాన్ని ఊహించకండి. ఇంటెల్ పన్నెండో తరం ల్యాప్‌టాప్‌లు డీడీఆర్4తోనూ వచ్చాయి, డీడీఆర్5తోనూ వచ్చాయి.

కొనడానికి ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే వేగం, వాడుతున్న స్లాట్లు, ఫారమ్ ఫ్యాక్టర్ కనిపిస్తాయి. ఎస్ఓడిమ్ అని ఉంటే స్టిక్, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు అతికించినవి. అతికించిన చిప్‌లనే స్లాట్లుగా లెక్కపెట్టి చూపే మోడళ్లూ ఉన్నాయి కాబట్టి కంపెనీ సైట్‌లో మీ మోడల్ వివరాలు కూడా చూడండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ పేజీ తెరిస్తే ఇందాక చెప్పిన చిన్న చిప్‌లోని రాతలో ముఖ్యమైనదంతా కనిపిస్తుంది. సాధారణంగా బోర్డుకే అతికించే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ ఉన్న పలుచని ల్యాప్‌టాప్‌లలో, ఎం శ్రేణి మ్యాక్‌బుక్‌లలో మనం తర్వాత కలిపేదంటూ ఏమీ ఉండదు. కొనేటప్పుడే ఎక్కువ తీసుకోవాలి.

"ఇన్ని చెప్పారు గానీ, కలిపాక హ్యాంగ్ అయినవాళ్లు ఉన్నారు కదా" అంటే, ఉన్నారు. కానీ హ్యాంగ్ అయిన ప్రతిసారీ నేరం కలయికదేనా? 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, ఇద్దరు గూగుల్ ఇంజనీర్లతో కలిసి ఆ కంపెనీ సర్వర్లలోని ర్యామ్ తప్పులను లెక్కగట్టారు. ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్‌లలో ఏదో ఒక తప్పు నమోదైంది. ఒకసారి తప్పు చేసిన స్టిక్ మళ్లీ చేసే అవకాశం ఎక్కువని కూడా తేలింది. అవి పగలూ రాత్రీ నడిచే సర్వర్లు, మన ల్యాప్‌టాప్‌కు ఆ శాతాన్ని అలాగే వర్తింపజేయలేం. అయినా ఒక సంగతి గ్రహించవచ్చు: స్టిక్ దానంతట అదే చెడిపోవడం అరుదైన వింత కాదు. కొత్తది పెట్టిన రోజే గొడవ మొదలైతే ముందు దాన్నే అనుమానించాలి, జోడీని కాదు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రెండు స్టిక్‌లతో రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా ఊరుకోవద్దు. అప్పుడు ఒక్కో స్టిక్‌ను విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. ఒకటే తప్పుతుంటే స్టిక్ చెడ్డది. రెండూ ఒక స్లాట్‌లోనే తప్పుతుంటే స్లాట్ సంగతి చూడాలి. విడివిడిగా ఎక్కడ పెట్టినా నెగ్గి, కలిపినప్పుడే ఓడితే అది నిజంగా జోడీ కుదరకపోవడం. అలా జరగదని చెప్పను. డీడీఆర్5లో వేగాలు పెరిగి వెసులుబాటు తగ్గింది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ జాగ్రత్త అవసరం. 12, 24, 48 జీబీ స్టిక్‌లు పెట్టే ముందు బయోస్‌ను అప్‌డేట్ చేయడం మంచిది, పాత బయోస్‌లు వాటిని గుర్తుపట్టకపోవచ్చు.

స్టిక్ మార్చేటప్పుడు చేసే పొరపాట్లను కూడా జోడీ ఖాతాలో వేస్తుంటారు. ఛార్జర్ తీస్తే చాలదు, లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా తీయాలి. స్టిక్‌ను ఏటవాలుగా, బంగారు పూత గీతలు దాదాపు కనబడనంతవరకు లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కాలి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడాలి. సగం దిగిన స్టిక్ ఒక రోజు పనిచేసి మర్నాడు మొండికేస్తుంది. గీతలు మసకబారితే పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో ఆనవాయితీ. పని జరుగుతుంది గానీ ఆ పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం నయం. డీడీఆర్5 ల్యాప్‌టాప్ మొదటిసారి లేచేటప్పుడు ట్రైనింగ్ కోసం కొన్ని నిమిషాలు నల్లటి తెరతోనే ఉండవచ్చు. అది చూసి హడావుడిగా పవర్ బటన్ నొక్కిపెట్టి ఆపేయకండి.

పాతది తీసేసి జతే కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఉన్నది 4 జీబీ, కావలసింది 32 అయితే ఆ 4ను పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేమ్సే ముఖ్యమైతే సమానమైన రెండు స్టిక్‌లు మేలు. పాతదే పరీక్షలో తప్పితే ఆలోచించేదేమీ లేదు. ఇవి కాని చోట పాతదాన్ని పారేయమనడం, ముఖ్యంగా ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు అమాంతం ఎగిశాక, ఖరీదైన సలహా. షాపులో బేరమాడేటప్పుడు వంద రూపాయల తగ్గింపు కంటే ఒక షరతు అడగండి: మెమ్‌టెస్ట్‌లో తప్పు వస్తే వారంలోగా మార్చి ఇవ్వాలి. స్టిక్ పార్ట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి, ర్యామ్‌కు చాలా బ్రాండ్లు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, ఆ కాగితం లేకపోతే అది దక్కదు. ల్యాప్‌టాప్ ఇంకా వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కు పంపేటప్పుడు కొత్త స్టిక్ తీసి ఇంట్లో పెట్టుకుని, ల్యాప్‌టాప్‌తో వచ్చిన పాత స్టిక్ ఒక్కదానితోనే పంపండి.